తొమ్మిది సంచుల బురద

పద్మకుమారి ఆ ల్యాబ్ మెట్లెక్కి ఆరేళ్ళయింది. ఆ రోజు దిగినప్పుడు చేతిలో అన్నయ్య టిఫిన్ క్యారేజీ, కళ్ళజోడు పెట్టె ఉన్నాయి. ఈ రోజు ఎక్కుతున్నప్పుడు ప్రభుత్వ కమిటీ ఇచ్చిన తనిఖీ ఉత్తరం ఉంది. వరండా గడియారంలో పదకొండు దాటి ఏడు నిమిషాలు. ఐదింటికి కమిటీ ఆన్‌లైన్ మీటింగ్. ఈలోగా ల్యాబ్ యజమాని వెంకటరమణమూర్తిని పట్టుకోలేకపోతే ఇక ఈ జన్మలో పట్టుకోలేనని ఆమెకి తెలుసు.

చెప్పుకోవడానికి పని చిన్నదే. తీరం దగ్గర ఒక రసాయనాల కంపెనీ తన మురుగుని గొట్టంతో సముద్రంలోకి వదులుతోంది. ఇప్పుడు రెండో గొట్టం వేస్తానంటోంది. మొదటి గొట్టం చుట్టూ తొమ్మిది చోట్ల సముద్రం అడుగు మట్టి తీసి, మూర్తి ల్యాబ్‌లో పరీక్ష చేశారు. పాదరసం లేదు, సీసం లేదు, అంతా పవిత్రమని రిపోర్టు వచ్చింది. ఆ అంకెల్ని నమ్మొచ్చా లేదా అని తేల్చి చెప్పడమే పద్మకుమారి ఉద్యోగం. నమ్మొచ్చంటే ఈ సాయంత్రమే రెండో గొట్టానికి అనుమతి.

హ్యాండ్‌బ్యాగులో ఒక పాత పేపరు కటింగు ఉంది. "అంకెలు అల్లిన అనలిస్టు" అని పైన హెడ్డింగు, కింద ఈ ల్యాబ్‌లోనే పనిచేసిన అన్నయ్య సూర్యనారాయణ ఫొటో. పాదరసం అంకె తగ్గించి రాయమని మూర్తి అడిగితే ఆయన రాయనన్నాడు. వారం తిరక్కుండా ఆ వార్త పడింది. ఎవరు వేయించారో అనకాపల్లిలో అందరికీ తెలుసు, నోరు విప్పినవాడు ఒక్కడూ లేడు. ఎనిమిది నెలలకి అన్నయ్య గుండె ఆగిపోయింది. మూర్తి కూడా అలాంటి ఫొటోతో, అంత పెద్ద హెడ్డింగు కింద కనపడాలి. అదొక్కటే ఆమె కోరిక, దాన్ని ఆమె ఎవరి దగ్గరా దాచుకోదు కూడా.

వరండా చివర కుళాయి దగ్గర జల్లెళ్ళు కడుగుతున్న మనిషి తలెత్తింది.

"వచ్చేవా పద్మా? ఏటైనా తిన్నావా?"

చిన్నమ్మలు. సూర్యనారాయణ భార్య, తన సొంత వదిన. ఆయన పోయిన నెలకే ఈ ల్యాబ్‌లో గిన్నెలు కడిగే పనిలో చేరింది. మొగుణ్ణి చంపినవాడి గుమ్మంలో చీపురు పట్టిన మనిషి గడప తొక్కనని పద్మకుమారి ఆనాడే ఒట్టేసుకుంది.

"పని మీద వచ్చాను," అంది పొడిగా.

చిన్నమ్మలు కుడిచేతి వేళ్ళకి గుడ్డపేలికలు చుట్టి ఉన్నాయి. కొబ్బరినూనె వాసన కొట్టింది. ఆసిడ్ గిన్నెలు కడిగితే అంతే మరి, తగిన శాస్తే జరిగిందనుకుని పద్మకుమారి లోపలికి నడిచింది.

*

పన్నెండున్నర దాకా ఫైళ్ళు తిరగేసింది. ఒకే మట్టిని రెండుసార్లు పరీక్షించిన చోట రెండు అంకెలూ దగ్గరదగ్గరగా ఉన్నాయి. మిషన్ సరిగ్గా చెబుతోందో లేదో చూడ్డానికి ముందే లెక్క తెలిసిన మట్టి పెడతారు, అదీ సరిగ్గానే వచ్చింది. మట్టి వేయకుండా పెట్టిన ఖాళీ సీసాలో ఏమీ లేదని వచ్చింది. దిద్దిన అంకె ఒక్కటి లేదు. మిషన్ తనంతట తాను దాచుకున్న లెక్క కూడా రిపోర్టుతో కలిసింది.

ఆమెకి ఒళ్ళు మండింది. దొంగ ఇంత శుభ్రంగా పని చేశాడంటే ఎలా నమ్మడం?

అప్పుడు కనపడింది, మట్టి లోపలికి తీసుకున్నప్పుడు రాసే కాగితం. పదకొండు రోజుల క్రితం గురువారం, మధ్యాహ్నం మూడూ ఐదు నిమిషాలకి. ఆసిడ్ చుక్క వేస్తే పొంగింది అని తొమ్మిదింటికీ టిక్కు. సముద్రం మట్టిలో గవ్వల పొడి ఉంటుంది కనక పొంగాలి, సరే. పక్కన సంచి వేడి ఎంతో రాసే గడి. తొమ్మిది చోట్లా ఇరవై తొమ్మిది డిగ్రీలు.

రేవు దగ్గర పడవ వాళ్ళు రాసిన కాగితం తీసింది. పది గంటల నలభై, పడవ ఐసులోంచి తీసి ఐసుపెట్టెలో పెట్టి, సంతకాల టేపు వేసినప్పుడు ఐదు డిగ్రీలు.

కౌంటర్లో కూర్చున్న దివ్యని పిలిచింది. "అమ్మాయ్, ఈ ఇరవై తొమ్మిది నువ్వే రాశావా?"

"అవును మేడం. థర్మామీటర్ ఏది చూపిస్తే అదే రాశాను. తప్పా?"

"కాదు. ఈ బిల్డింగులో నిజం రాసినదానివి నువ్వొక్కదానివే."

ఒంటిగంటకి వ్యాన్ డ్రైవర్ సత్తియ్యని కూర్చోబెట్టింది. కశింకోట మనిషి, యాభై దాటినవాడు. కూర్చోమన్నా కుర్చీ అంచునే కూర్చున్నాడు.

"రేవులో ఎన్నింటికి బయలుదేరావు?"

"పన్నెండూ యాభైకండి. ఎలమంచిలిలో టీ తాగేనండి, పది నిమిషాలు. రెండుంపావుకి ఈడకి వచ్చీసేను."

"టీ తాగుతుంటే పెట్టె ఎవరు చూశారు?"

"టీ సేత్తో ఒట్టుకుని పెట్టె మీదే కూర్సున్నానండి. ఆ మట్టికేటైనా అయితే నా ఉద్యోగం పోతాది."

"పెట్టె మీద సంతకాలున్న టేపు ఎవరు కోశారు?"

సత్తియ్య తలుపు కేసి చూశాడు. పద్మకుమారి పెన్ను మూత తీసి, కాగితం మీద అతని పేరు రాసి, కింద గీత గీసింది.

"నానే కోసేనండి. ఐసు కరిగిన నీళ్ళు కారిపోతన్నాయి, వరండా తడిసిపోతాదని ఒంపీడానికి. రూల్ కాదని తెల్సు. మీ కాళ్ళట్టుకుంటాను, రాయకండి."

"ఆ నీళ్ళు నీ చేతికి తగిలాయా?"

"తగిలేయండి. సెయ్యి జివ్వుమనీసింది. ఐసింకా సగం ఉండిపోనాది. సంచులు రాయిలా సల్లగున్నాయి. తర్వాత పెట్టె అక్కడే ఎట్టి అన్నానికి ఎల్లేను."

రెండుంపావుకి రాయిలా చల్లని సంచులు. మూడూ ఐదుకి ఇరవై తొమ్మిది డిగ్రీలు. సగం ఐసున్న పెట్టెలో యాభై నిమిషాల్లో బురద అలా వేడెక్కదు. మిషన్ దాకా వచ్చినవి ఆ సంచులే కావు. మార్చింది దారిలో కాదు, రేవులో కాదు. ఇక్కడే, ఈ వరండాలో, ఆ యాభై నిమిషాల్లో.

పద్మకుమారికి చాలా ఏళ్ళ తర్వాత ఆకలేసింది.

*

ఐసుగది తాళం తీయించుకుని ఒక్కతే లోపలికి వెళ్ళింది. పరీక్ష చేయగా మిగిలిన సగం మట్టి పై అరలో వరసగా ఉంది. ఒక్కో శాంపిల్‌కి రెండు సంచులు. లోపలి దానిలో మట్టి, బయటి దానిలో చీటీ. చీటీలు అసలువే, పడవ వాళ్ళ రాతే. లోపలి సంచులు మార్చి, బయటివి అలాగే తొడిగారన్నమాట.

కింద అరలో, గోడవారగా, నీలం రంగు పాత డబ్బా ఒకటి ఉంది. మూత మీద తెల్ల పెయింటుతో అన్నయ్య చేతిరాత, 'సూర్యనారాయణ'. ఆమె దాని మీద అరచెయ్యి ఆనించింది. మూత తీసి చూసే ధైర్యం చాల్లేదు. కళ్ళు తుడుచుకుని పై అరలో సంచి ఒకటి అందుకుంది.

మూడో నంబరు. ముడి విప్పగానే వాసన తేడాగా అనిపించింది. మురుగు గొట్టం దగ్గర సముద్రపు బురద కుళ్ళిన గుడ్డు వాసన కొట్టాలి. ఇది వెల్ల వేసిన గోడ తడిసినప్పటి వాసన. కొంచెం తీసి సన్న జల్లెట్లో వేసి నీళ్ళు పోసింది. గవ్వ ముక్క ఒక్కటి మిగల్లేదు. మిగిలినవి నాలుగు పీచు పోగులు. గోటితో చీల్చి చూసింది. చెరుకు పిప్పి.

ఆసిడ్ చుక్క వేసింది. పొంగింది. గవ్వ లేకుండా ఎలా పొంగింది? ఆమ్లమో క్షారమో చెప్పే రంగు మారే కాగితం ముక్క బురదలో ముంచింది. సముద్రం మట్టికి ఎనిమిది చూపించాలి, మహా అయితే ఎనిమిదిన్నర. ఆ కాగితం ముదురు నీలం తిరిగి పదకొండు దాటింది.

సున్నం. చెరుకు మడి మట్టిలో గాలికి సగం సుద్దగా మారిన పాత సున్నం కలిపి, కౌంటర్ దగ్గర ఆసిడ్ చుక్కకి పొంగేలా చేశారు. మిగతా ఎనిమిదీ చూసింది. అన్నీ అంతే. మూర్తి మిషన్ చెప్పిన అంకెలు అక్షరాలా నిజం. పరీక్ష చేసింది మాత్రం సముద్రాన్ని కాదు, ఎవరిదో చెరుకు మడిని.

*

మూడింటికి మూర్తి భోజనం చేసి వచ్చాడు. ఇస్త్రీ నలగని తెల్ల చొక్కా. ఆమెని చూసి నవ్వాడు.

"రండి పద్మకుమారి గారూ. అన్నీ సరిపోయాయటగా, దివ్య చెప్పింది. ఆరేళ్ళయింది, ఇంకా చల్లారలేదా మీకు?"

"మీరు మునిగేదాకా చల్లారదు."

"ఇదిగో, ఈ మాటే కమిటీకి చెబుతాను. సూర్యనారాయణ చెల్లెల్ని తనిఖీకి పంపితే న్యాయం ఎలా జరుగుతుంది?"

"నేను చెల్లెలినని మొదటి పేజీలోనే రాసిచ్చాను. వాళ్ళు చదివే పంపారు. కూర్చోండి మూర్తి గారూ. ఇప్పుడు నేను చెప్పేది నిలబడి వినలేరు."

ఆమె ఒక్కొక్కటే చెప్పింది. ఐదు డిగ్రీలు, ఇరవై తొమ్మిది డిగ్రీలు, యాభై నిమిషాలు. చెరుకు పిప్పి. సున్నం. చెబుతున్నంతసేపూ అతని మొహం చూసింది. ఆ మొహంలో రంగు దిగిపోతుంటే ఆమెకి ప్రాణం లేచొచ్చింది. ఆపడం చేతకాలేదు.

"గేటు దగ్గర మీ కెమెరానే చూశాను. ఆ పూట సంచులు మోసుకుని ఎవరూ బయటికి పోలేదు. అసలు మట్టి ఈ బిల్డింగులోనే ఎక్కడో ఉంది. అది దొరికిన రోజు మీ ఫొటో మొదటి పేజీలో పడుతుంది."

మూర్తి గ్లాసులో నీళ్ళు తాగాడు.

"గురువారమంటున్నారు కదా. ఆ రోజు ఒంటిగంట నుంచి ఆరింటి దాకా నేను విశాఖలో ఉన్నాను. నలభై మంది మధ్య, స్టేజీ మీద. ఇదిగో ఫొటో, టైముతో సహా." ఫోను ఆమె ముందుకి తోశాడు. "నేను అంకెలు మార్చాననండి, ఒప్పుకోను కానీ అర్థం చేసుకుంటాను. మట్టి మార్చే అవసరం నాకేంటి? ఆలోచించండి. అంకెలు మార్చగలిగినవాడు బురద ఎందుకు మోస్తాడు?"

అతను చెప్పింది నిజం. మూర్తి ఫోను తీసుకుని బయటికి వెళ్ళాడు. పోట్లాడకుండా అంత తొందరగా ఎందుకు వెళ్ళాడో ఆలోచించే స్థితిలో ఆమె లేదు.

మూడున్నర అయింది, మూడుంముప్పావు అయింది. కాగితం మీద ఒకటే ప్రశ్న రాసుకుని కూర్చుంది. సున్నం ఎందుకు?

మట్టి పొంగాలంటే తేలికైన దారి గవ్వలే. రేవులో తట్టలకొద్దీ ఊరికే దొరుకుతాయి, దంచి కలిపితే ఎవరికీ తెలిసేది కాదు. ల్యాబ్ మనిషి ఎవరైనా అదే చేస్తాడు. పొంగాలి అనగానే సున్నం కుండ గుర్తొచ్చేది ఎవరికి? పెనంలో చెరుకు రసం మరుగుతుంటే మడ్డి తేలడానికి సున్నం వేసి, పొంగు చూస్తూ పెరిగినవాళ్ళకి. బెల్లం వండే ఇంట్లో పుట్టినవాళ్ళకి.

అన్నయ్య పెళ్ళయిన కొత్తలో ఆయన అత్తారింటికి మునగపాక తనూ వెళ్ళిన రోజులు గుర్తొచ్చాయి. వదిన వాళ్ళమ్మ బెల్లం వండే రోజుల్లో కుడిచేతి వేళ్ళకి కొబ్బరినూనె రాసి గుడ్డపేలికలు చుట్టుకునేది. సున్నం తినేసిందమ్మా అని నవ్వేది.

పద్మకుమారి కుర్చీ వెనక్కి తోసి లేచింది.

*

చిన్నమ్మలు ఇంకా కుళాయి దగ్గరే ఉంది.

"వేళ్ళు చూపించు వదినా."

వదినా అన్న పిలుపు విని ఆరేళ్ళయిందేమో, చిన్నమ్మలు కుళాయి కట్టేసి, పేలికలు తనే విప్పింది. వేళ్ళ సందుల్లో చర్మం తెల్లగా పగిలి ఉంది. కుడిచేతికే. ఆసిడ్ గిన్నెలు రెండు చేతులతో కడుగుతారు.

"సంచికి ఎంత కలిపావు?"

"రెండు గుప్పిళ్ళు. ఎక్కువైపోనాదా?"

"చిటికెడు సరిపోయేది."

"పానకం లెక్కయితే నాకు తెల్సు. బురద లెక్క నాకేటి తెల్సు పద్మా?"

పద్మకుమారి మెట్టు మీద కూలబడింది. ఎందుకని అడగాల్సిన పని లేకపోయింది. చిన్నమ్మలే చెప్పింది, చేతులు చీర కొంగుకి తుడుచుకుంటూ.

"నువ్వు నా గడప తొక్కడం మానీసేవు. నానేటీ అన్లేదు. ఆరేళ్ళు ఈ గిన్నెలు తోమింది జీతానికనుకున్నావా? ఆడు నన్ను మనిషిగా సూడ్డు, నా ముందరే అన్నీ మాటాడీసుకుంటాడు. ఏ మట్టొచ్చినా అంకెలు ఆడే అల్లుతాడు. మిగిలిన సగం కూడా మార్పించీత్తాడు. మీ అన్న మీద ఏసిన మచ్చ ఆడి పనే అని నాకెప్పుడో తెల్సు. సెప్తే ఎవులు నమ్ముతారు, గిన్నెలు కడిగేదాని మాట?"

"అందుకని మట్టి మార్చేశావా? మూర్తి మీద పడాలనా?"

"ఆడి మీద పడాలని కాదు. ఆ మట్టి ఆడి సెయ్యి తగలకుండా బయటికెల్లాల. మీ అన్న సెప్పీవోడు, దొంగతనం కేసైతే సొత్తుకి పోలీసోలు సీలేసీ బయట పరీచ్చకి పంపుతారని. మరి సొత్తవ్వాలంటే ఎవులో ఒకలు దొంగతనం సెయ్యాల గదా? కమిటీ నిన్ను పంపుతాదని ఆడు ఫోన్లో తిట్టుకుంటంటే ఇన్నాను. ఆ మర్నాడు సత్తియ్య అన్నానికి ఎల్లేక సేసేను. నువ్వు పట్టుకుంటావని నాకు తెల్సు."

"జైలుకి పోతావు."

"పోతాను. నా పేరు తిన్నగా రాయి. మీ అన్న ఒక్క అంకె మార్చలేదు. నువ్వు నా పేరు మార్చకు."

ఆరేళ్ళు ఈ మనిషిని అసహ్యించుకుంటూ బతికాననుకుంటే పద్మకుమారికి సిగ్గేసింది, ఏడుపొచ్చింది. పగిలిన ఆ చేతిని రెండు చేతులా పట్టుకుంది.

"అసలు సంచులు ఎక్కడున్నాయి వదినా?"

"ఐసుగదిలోనే. కింద అరలో, మీ అన్న పేరున్న నీలం డబ్బాలో. ఆయన పోయినాక దాన్ని ఎవులూ ముట్టుకోలేదు."

బిల్డింగులోనే ఉన్నాయని మూర్తికి చెప్పింది ఎవరు? తనే. అతని మొహం మాడిపోతుంటే చూడాలన్న కసితో, గంట క్రితం తనే నోరారా చెప్పింది.

ఇద్దరూ పరుగెత్తారు. ఐసుగది తలుపు బార్లా తెరిచి ఉంది. లోపల నుంచి మూర్తి వస్తున్నాడు. తెల్ల చొక్కాకి తుప్పు మరకలు, చేతుల్లో నీలం డబ్బా. మూత సగం లేచి ఉంది. లోపలి సంచుల్లో నల్లటి బురద, కుళ్ళిన గుడ్డు వాసన గుప్పున కొట్టింది.

"పాత చెత్త. పారేయిస్తున్నాను," అన్నాడు. "తప్పుకోండి."

పద్మకుమారి గుమ్మానికి అడ్డంగా నిలబడి ఫోను తీసింది. నాలుగూ ఇరవై. ఈ ఒక్క ఫోనులో దొంగ మూర్తి అని అబద్ధం ఆడితే వదిన తప్పించుకుంటుంది, మూర్తి మునుగుతాడు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. పక్కన చిన్నమ్మలు ఆమె మొహం కేసే చూస్తోంది.

"పోలీస్ స్టేషనా? బైపాస్ పక్కన మట్టి పరీక్షల ల్యాబ్ నుంచి పద్మకుమారిని మాట్లాడుతున్నాను. ఇక్కడ దొంగతనం జరిగింది. తొమ్మిది సంచుల సముద్రపు మట్టి, ప్రభుత్వ కమిటీకి చెందింది. దొంగ పేరు రాసుకోండి." వదిన కేసి చూసింది. చిన్నమ్మలు తలూపింది. "చిన్నమ్మలు. సూర్యనారాయణ గారి భార్య. నాకు సొంత వదిన. ఇక్కడే ఉంది, ఎక్కడికీ పోదు."

అటువైపు ఏదో అడిగారు.

"సొత్తా? అదీ ఇక్కడే ఉందండి. ఇప్పుడు వెంకటరమణమూర్తి గారి చేతుల్లో ఉంది."

మూర్తి ఉలిక్కిపడి డబ్బా కింద పెట్టబోయాడు. చిన్నమ్మలు మూల నుంచి చీపురు అందుకుని, డబ్బా ఆనకుండా నేలకి అడ్డం పెట్టింది.

"కిందెట్టకండి సార్," అంది, రోజూ మాట్లాడే ఆ మెత్తని గొంతుతోనే. "పోలీసోలొచ్చేదాకా అలాగే ఒట్టుకోండి."